ఫైన్‌మన్ గదిలో ఫ్యూజు

1985లో వెలువడిన ‘ష్యూర్లీ యు ఆర్ జోకింగ్, మిస్టర్ ఫైన్‌మన్!’ చదివినవారు మొదటి అధ్యాయాన్ని మరచిపోలేరు. పదకొండు పన్నెండేళ్ల కుర్రవాడు ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకుంటాడు. రాత్రిళ్లు పక్కమీద పడుకొని క్రిస్టల్ రేడియో వింటూ నిద్రలోకి జారుకుంటాడు. ఒకనాడు ఫోర్డు కారు కాయిల్‌తో మెరుపులు పుట్టించి కాగితానికి చిల్లులు పొడుస్తూంటే అది కాస్తా అంటుకుంటుంది. పేకాటలో ఉన్న తల్లికి తెలియకుండా గది తలుపు మూస్తాడు. పాఠకుడు నవ్వుకుంటాడు.

అదే అధ్యాయంలో ఎవరూ తలచుకోని వస్తువు ఒకటుంది: ఇంటి ఫ్యూజుకన్నా ముందే కాలిపోయేలా ఆ కుర్రవాడు తగరపు రేకుతో చేసుకున్న ఫ్యూజు. అది పోతే వెలిగేందుకు ఒక చిన్న బల్బు కూడా అమర్చాడు. ఆ అధ్యాయంలోని అసలు పాఠం ఈ రేకుముక్కే.

ఊయలను సమయం చూసి తోస్తే చిన్న తోపులే పెద్ద ఊపవుతాయి. తీగచుట్టకూ కెపాసిటర్‌కూ మధ్య విద్యుత్తు అలాగే ఊగుతుంది. అదే అనునాదం. క్రిస్టల్ రేడియోలో అది కలగాపులగంగా వచ్చే తరంగాల నుంచి ఒక్క స్టేషన్‌ను ఏరి ఇస్తుంది; బ్యాటరీ కూడా అక్కరలేదు. 1891 నాటి టెస్లా కాయిల్‌లో అదే మెరుపై దూకుతుంది. ‘చిన్న వోల్టేజే కదా’ అన్న ధీమా ఇక్కడ చెల్లదు. క్యూ విలువ 50 ఉన్న శ్రేణి వలయానికి 5 వోల్టులు అందిస్తే, అనునాదం వద్ద కెపాసిటర్ కొసల మధ్య 250 వోల్టులు ఏర్పడతాయి.

నేటి ఔత్సాహికులు కొందరు మెరుపు మోజులో పాత మైక్రోవేవ్ ఓవెన్లు విప్పుతున్నారు. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2000 వోల్టులు ఇస్తుంది. ఛాతీగుండా 100 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తే చాలు, గుండె లయ తప్పి వణికి ఆగిపోవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ అంతకన్నా ఎన్నో రెట్లు ఇవ్వగలదు. ప్లగ్గు పీకినా ఓవెన్ కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఫ్యూజు తీగలను కాపాడుతుంది కాని, గుండెను కాదు. ఆ కుర్రవాడి ఫ్యూజు నేర్పేది భద్రతను కాదు, ఏది ఎలా చెడిపోగలదో ముందే ఆలోచించే అలవాటును.

అపాయం లేనిచోట ఆవిష్కరణ ఉండదనేవారున్నారు. మెరుపు చూసేవారిని అబ్బురపరుస్తుంది. రేడియో మాత్రం చేసినవాడిని ఆలోచింపజేస్తుంది. చుట్టుకు ఒక వరస తీగ తగ్గిస్తే స్టేషన్ ఎందుకు జరిగిందన్న ప్రశ్నలోనే భౌతికశాస్త్రం మొదలవుతుంది.

ఈ పుస్తకాన్ని పిల్లలకు కానుకగా ఇచ్చేవారు దానితోపాటు ఒక అట్టగొట్టం, రాగితీగ, కెపాసిటర్, డయోడు, ఇయర్‌ఫోన్ కూడా ఇవ్వాలి. ఏరియల్ తీగను కరెంటు తీగలకు దూరంగా కట్టాలనీ, ఉరిమేవేళ దాని జోలికి పోరాదనీ చెప్పాలి. రేకు ఫ్యూజు ఉన్న పేజీని పిల్లలతో కలిసి మరోసారి చదవాలి.