‘ఏం కాదు, నొక్కేయండి’

కొన్ని నెలల క్రితం, భర్త దెబ్బలు భరించలేక ఇల్లు వదిలి వచ్చిన ఒక స్త్రీని వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. ఫిర్యాదు కంప్యూటర్లో నమోదు చేయాలన్నారు. ఆమె పేరు, పిల్లల పేర్లు, వాళ్ళు చదివే బడి, ఫోను నెంబరు, ప్రస్తుతం తలదాచుకుంటున్న ఇంటి చిరునామా అన్నీ నింపాలి. వెబ్‌సైటు తెరవగానే తెర నిండా ఒక హెచ్చరిక వచ్చింది. పైన ఎర్ర గుర్తు, కింద ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అన్న మాట. ఆమె చదివింది ఏడో తరగతి. అయినా ఆ ఎర్ర గుర్తు చూసి ఆగింది. “ఏందక్కా, అట్ల వచ్చింది?” అని నన్నడిగింది. ఆపరేటర్ కుర్రాడు తల కూడా ఎత్తకుండా, “రోజూ వచ్చేదే మేడమ్. అడ్వాన్స్‌డ్ అని ఉంటది చూడండి, దాని కింద ప్రొసీడ్ నొక్కేయండి. ఏం కాదు” అన్నాడు.

నేను నొక్కేశాను.

ఇరవై ఏళ్ళుగా శిక్షణ తరగతుల్లో హక్కుల గురించి మాట్లాడుతున్నదాన్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘ఏం కాదు’ అనే మాట మన స్త్రీలు ఎన్నిసార్లు విని ఉంటారు! ఒక్క చెంపదెబ్బేగా, ఏం కాదు. ఈ కాగితం మీద సంతకం పెట్టు, ఏం కాదు. అన్నిచోట్లా ‘ఎందుకు?’ అని అడగమని చెప్పే నేను, ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా బటన్ నొక్కాను. ఎందుకంటే నాకూ జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. తర్వాత తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

పోస్టుకార్డుకీ అంటించిన కవరుకీ తేడా మనకి తెలుసు. కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవచ్చు. కవరు చింపితే తెలిసిపోతుంది. వెబ్‌సైటు చిరునామా ‘హెచ్‌టిటిపిఎస్’తో మొదలైతే మనం పంపేది కవరులో వెళ్తున్నట్టు. కానీ కవరు అంటిస్తే సరిపోదు, అందుకునేది ఎవరన్నది కూడా తేలాలి. దానికోసమే సర్టిఫికెట్. ‘ఈ పేరు గల వెబ్‌సైటు నిజంగా వీరిదే’ అని ఒక ధృవీకరణ సంస్థ గడువు పెట్టి ఇచ్చే గుర్తింపు కార్డు లాంటిది. బ్రౌజరు ప్రతిసారీ ఆ కార్డు అడిగి చూస్తుంది. గడువు దాటిందా, పేరు సరిపోయిందా, ఇచ్చినవాళ్ళు నమ్మదగినవాళ్ళేనా అని పరిశీలిస్తుంది. ఎక్కడ తేడా వచ్చినా తలుపు దగ్గర ఆపి మనకి చెబుతుంది. ఆ హెచ్చరిక అర్థం ఇంతే: ‘అవతల ఉన్నది ఎవరో నేను చెప్పలేకపోతున్నాను.’

మరి మనం ఎందుకు దాటేస్తాం? ‘ఆడవాళ్ళకి కంప్యూటర్ల మీద అవగాహన లేదు’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. పరిశోధనలు చెప్పింది వేరు. 2013లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన దేవదత్త అఖావే, గూగుల్‌లో పనిచేస్తున్న ఆడ్రియెన్ పోర్టర్ ఫెల్ట్ కలిసి రెండు బ్రౌజర్లలో జనానికి ఎదురైన రెండున్నర కోట్ల హెచ్చరికలను పరిశీలించారు. సర్టిఫికెట్ హెచ్చరిక వచ్చినప్పుడు క్రోమ్ వాడేవాళ్ళు 70 శాతం సార్లు దాటి ముందుకెళ్ళారు. ఫైర్‌ఫాక్స్‌లో అది 33 శాతమే. అందరూ మామూలు మనుషులే. హెచ్చరికను తయారుచేసిన తీరు మారితే మనుషుల నడవడి కూడా మారిందన్నమాట. 2015లో ఫెల్ట్ బృందమే మరో ఫలితం ప్రకటించింది. హెచ్చరికలోని మాటలు ఎంత సులభం చేసినా చదివినవాళ్ళకి విషయం సరిగ్గా అర్థం కాలేదు. కానీ క్షేమంగా వెనక్కి వెళ్ళే బటన్‌ను ప్రముఖంగా పెట్టి, ముందుకెళ్ళే దారిని లోపలికి జరిపితే వెనక్కి తిరిగేవాళ్ళు బాగా పెరిగారు. తప్పు వాడేవాళ్ళ బుర్రలో ఉందనే వాదనకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

రెండో కారణం మనందరి అనుభవంలో ఉన్నదే. ‘నాన్నా పులి’ కథలో చివరికి పులి నిజంగానే వచ్చింది, కానీ అప్పటికి ఊళ్ళో ఎవరూ కదల్లేదు. గడువు తీరిన సర్టిఫికెట్‌ను నెలల తరబడి మార్చకుండా, ‘ఏం కాదు, నొక్కండి’ అని చెప్పే ప్రతి కార్యాలయం ఊరి జనానికి అదే అలవాటు చేస్తోంది. ఇవాళ ఆ కార్యాలయం దగ్గర దాటడం నేర్చుకున్న చెయ్యి, రేపు బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ పేజీ దగ్గరా అలాగే దాటుతుంది.

నిజంగా పులి ఉందా అని అడగొచ్చు. ఉంది. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే ధృవీకరణ సంస్థలోకి దొంగలు చొరబడి, గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ పుట్టించుకున్నారు. ఇరాన్‌లో సుమారు 3 లక్షల కంప్యూటర్ చిరునామాల నుంచి వెళ్ళిన రాకపోకలు ఆ దొంగ కార్డు వల్ల బయటపడే స్థితికి వచ్చాయి. ఉత్తరాలు ఎవరు చదువుతారో అని భయపడుతూ బతికే రచయితలు, ఉద్యమకారులు ఉన్న దేశం అది. ఈ మోసం బయటపడింది ఎలాగో తెలుసా? క్రోమ్‌లో ఉన్న ఒక అదనపు తనిఖీ వల్ల అక్కడి వినియోగదారుడు ఒకరికి హెచ్చరిక కనిపించింది. ఆ మనిషి దాన్ని దాటేయలేదు. ‘ఇదేమిటి?’ అని పదిమందిలో అడిగాడు. ఆ ప్రశ్నతో మొదలైన వెతుకులాటతో ఆ సంస్థ నెలలోపే దివాలా తీసింది.

మన దేశం సంగతీ చూద్దాం. 2014 జులైలో గూగుల్ పేర్లకు అనుమతి లేని సర్టిఫికెట్లు కనిపించాయి. అవి జారీ అయింది జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసి నుంచి. జారీ చేసే ప్రక్రియలోకి బయటివాళ్ళు చొరబడ్డారని అధికారులే ఒప్పుకుని, ఆ కేంద్రం ధృవపత్రాలను రద్దు చేశారు. 2019లో కజకిస్తాన్ ప్రభుత్వం రాజధాని ప్రజలను తమ ఫోన్లలో ఒక ‘జాతీయ భద్రతా సర్టిఫికెట్’ పెట్టుకోమంది. పెట్టుకుంటే ప్రభుత్వం మధ్యలో నిలబడి అన్నీ చదవగలదు, హెచ్చరిక కూడా రాదు. గూగుల్, మొజిల్లా, యాపిల్ కలిసి ఆ సర్టిఫికెట్‌ను తమ బ్రౌజర్లలో చెల్లకుండా చేశాయి.

ఇవన్నీ ప్రభుత్వాలతో, పెద్ద సంస్థలతో ముడిపడ్డ సంగతులు, మన దగ్గరికి వచ్చే స్త్రీకి వీటితో ఏం పని అని కొట్టెయ్యకండి. కజకిస్తాన్ ప్రభుత్వం చేసిన పని ఇంట్లో మొగుడూ చేయగలడు. ఫోను చేతికి దొరికి, దాని తాళం తెలిస్తే సెట్టింగుల్లో తనకి కావలసిన సర్టిఫికెట్ పెట్టేయొచ్చు, నిఘా యాప్ అయితే ఇంకా తేలిక. అప్పుడు బ్రౌజరు నోరు మూసుకునే ఉంటుంది. కాబట్టి హెచ్చరిక రాలేదంటే క్షేమం అని కాదు. హింస నుంచి తప్పించుకోవాలనుకునే స్త్రీ, అవతలివాడి చేతుల్లో తిరిగిన ఫోను మీద ఫిర్యాదు పని పెట్టుకోకపోవడం మంచిది.

హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ బెదిరిపోనక్కర్లేదు. కింద ఉన్న చిన్న అక్షరాలు చదివితే కారణం చాలావరకు తెలుస్తుంది. ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటే ముందు మన ఫోనులో తేదీ, సమయం చూసుకోవాలి. తేదీ తప్పుంటే బ్రౌజరు లెక్క కూడా తప్పుతుంది. మనది సరిగ్గా ఉంటే ఆ వెబ్‌సైటు వాళ్ళు గడువు దాటించారన్నమాట. ‘కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్’ అంటే కార్డు మీద పేరు వేరు. చిరునామా అక్షరం అక్షరం మళ్ళీ చూడాలి. ‘అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ అంటే కార్డు ఇచ్చినవాళ్ళు ఎవరో బ్రౌజరుకి తెలియదు. రైల్వే స్టేషన్‌లోనో హోటల్లోనో ఉచిత వైఫై మీద ఉన్నప్పుడు ఇది వస్తే, వైఫై ఆపి ఫోను సొంత డేటాతో చూడాలి. అప్పుడు పోతే చిక్కు ఆ వైఫైతోనే. కారణం ఏదైనా సరే, హెచ్చరిక ఉన్న పేజీలో పేరు, పాస్‌వర్డు, ఓటీపీ, చిరునామా మాత్రం నింపకూడదు.

ఇక్కడ ఒక పేదరికం సంగతి కూడా ఉంది. ఇంట్లో కొత్త ఫోను మగవాడికి, వాడేసిన ఫోను ఆడవాళ్ళకి వస్తుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల ధృవపత్రం, 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో లేదు. వాటికోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఆ తర్వాత అలాంటి ఫోన్లలో సరైన వెబ్‌సైట్లకు కూడా హెచ్చరిక రావచ్చు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆమె చేతికి వచ్చిన ఫోను పాతది, అంతే. సంఘం ఆఫీసులో కొత్త బ్రౌజరున్న కంప్యూటరు ఒకటి అలాంటి స్త్రీలకోసం అందుబాటులో ఉంచగలమా అని మనం ఆలోచించాలి.

ఇంకో భ్రమ కూడా పోవాలి. తాళం గుర్తు ఉంటే ఆ వెబ్‌సైటు మంచిదని మనమే కొన్నాళ్ళు శిక్షణల్లో చెప్పాం. మోసగాళ్ళు కూడా తమ దొంగ పేర్లకు సర్టిఫికెట్లు తెచ్చుకోగలరు. తాళం చెప్పేది కవరు అంటించి ఉందని మాత్రమే. అందుకున్నవాడు పెద్దమనిషి అని చెప్పదు. అందుకే క్రోమ్ 2023లో కంప్యూటర్ తెర మీద ఆ తాళం బొమ్మనే తీసేసింది.

ఇక బాధ్యత సంగతి. ‘డబ్బుల్లేవు’ అనే సాకు ఇప్పుడు చెల్లదు. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థ ద్వారా సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతోంది. గడువు దగ్గరపడినప్పుడు దానంతటదే మారేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ ఏర్పాటు ఇక తప్పనిసరి కూడా. 2020 నుంచి 398 రోజులున్న గరిష్ఠ గడువును 2026 మార్చి నుంచి 200 రోజులకు తగ్గిస్తూ, 2029 మార్చికి 47 రోజులకు తేవాలని 2025లో బ్రౌజర్ల, ధృవీకరణ సంస్థల వేదిక నిర్ణయించింది. ఏడాదికోసారి మార్చడమే మర్చిపోయే కార్యాలయాలు నెలన్నరకోసారి చేతితో ఏం మారుస్తాయి?

చట్టం కూడా మన పక్షాన ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం 16వ సెక్షన్, ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు, చిరునామా బయటపెట్టకూడదంటుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ప్రజల వివరాలు సేకరించేవాళ్ళు తగిన భద్రత చర్యలు తీసుకోవాలని, లేకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చని చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. గోప్యత చట్టంలో రాసి, గడువు తీరిన సర్టిఫికెట్‌తో ఫిర్యాదు తీసుకోవడం, తలుపు తీసి పెట్టి లోపల రహస్యం మాట్లాడమన్నట్టే ఉంటుంది.

ఈ వేలు మనవైపు కూడా చూపించుకోవాలి. మన సంఘాల వెబ్‌సైట్లు ఎన్ని ఎవరో వాలంటీరు కట్టిపెట్టి వెళ్ళిపోయినవి? వాటి పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో, సర్టిఫికెట్ గడువు ఎప్పుడో మన కార్యవర్గ సమావేశాల్లో ఎన్నడైనా చర్చకు వచ్చిందా? ఆడిట్‌కీ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కీ తేదీలు రాసుకుంటాం. ఈ తేదీ కూడా అదే డైరీలో చేరాలి. కనిపెట్టి ఉండే మనిషి పేరు దాని పక్కనే రాయాలి.

“సిద్ధాంతం బాగానే ఉంది, బాధితురాలు ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే హెచ్చరిక వచ్చిందని పని ఆపుతామా?” అని మన కార్యకర్తలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పని ఆపనక్కర్లేదు, దారి మార్చాలి. గృహహింస చట్టం కింద సంఘటన నివేదిక కాగితం మీద రాయొచ్చు. 181కి ఫోను చేయొచ్చు. లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు అడగొచ్చు. అదే సమయంలో తెర మీది హెచ్చరికను ఫొటో తీసి, తేదీ వేసి, ఆ కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలి. పది సంఘాల నుంచి పది ఉత్తరాలు వెళ్తే గడువు తీరిన సర్టిఫికెట్ ఎన్నాళ్ళుంటుంది?

ఆ రోజు ఆమె నన్ను సరైన ప్రశ్నే అడిగింది. కంప్యూటరు రాకపోయినా ఆమె హెచ్చరికను హెచ్చరికగా గుర్తుపట్టింది. ఇన్నేళ్ళ హింస ఆమెకి ఆ మెలకువ నేర్పింది. దాన్ని పోగొట్టింది చదువుకున్న మేమిద్దరం. ఈసారి ఏ స్త్రీ అయినా తెర చూపించి “ఏందక్కా ఇది?” అంటే, నా చెయ్యి బటన్ మీదకి వెళ్ళదు. కుర్చీ వెనక్కి జరిపి, ఆ కార్యాలయం వాళ్ళనే అడుగుతాను: ‘ఏం కాదని మీరు రాసి సంతకం పెట్టి ఇస్తారా?’