ఖిద్మత్‌కూ హిసాబ్ కావాలి

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోగి పది రోజులు తిరగకముందే మళ్లీ అదే మంచం మీదికి చేరితే నష్టం ఎవరికి? రోగికి, అతని ఆలుబిడ్డలకు అని తడుముకోకుండా చెబుతాం. మరి ఆసుపత్రికి? చాలాకాలం పాటు దానికి లాభమే. మళ్లీ చేర్చుకోవడం, మళ్లీ పరీక్షలు, మళ్లీ బిల్లు. ఎంత వైద్యం చేస్తే అంత సొమ్ము అనే పద్ధతిలో రోగి త్వరగా కోలుకుంటే ఆదాయం తగ్గుతుంది. ఇటువంటి ఏర్పాటులో వైద్యుడు ఎంత మంచివాడైనా ఒంటరివాడే.

అమెరికాలో ఈ పద్ధతిని మార్చే ప్రయత్నం పదిహేనేళ్లుగా సాగుతోంది. 1965లో ఆ దేశం వృద్ధుల కోసం మెడికేర్, పేదల కోసం మెడికెయిడ్ అనే పథకాలు పెట్టింది. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం ఆ చెల్లింపుల తీరును మార్చడం మొదలుపెట్టింది. 2012 అక్టోబరు నుంచి, కొన్ని జబ్బులకు చికిత్స పొంది వెళ్లిన మెడికేర్ రోగులు ముప్ఫై రోజులలో మళ్లీ చేరడం ఎక్కువగా ఉన్న ఆసుపత్రులకు చెల్లింపులో కోత పడింది. ఆ కోత మొదట 1 శాతం వరకు, తర్వాత 3 శాతం వరకు పెరిగింది. వేరే ఒప్పందాలలో, రోగులు ఆరోగ్యంగా ఉండి ఖర్చు తగ్గితే మిగులులో వైద్యసంస్థకు వాటా ఇస్తారు. ఖర్చు పెరిగితే కొన్నింటిలో నష్టంలోనూ వాటా మోయాలి. ఫలితాన్ని బట్టి చెల్లింపు అంటే ఇదే.

అప్పుడు ఆసుపత్రులకు ఒక సంగతి గట్టిగా తెలిసివచ్చింది. చక్కెర వ్యాధి ఉన్న మనిషికి మందుల చీటీ రాసి ఇవ్వవచ్చు. ఇంట్లో సరైన తిండి లేకపోతే, ఇన్సులిన్ దాచుకోవడానికి ఫ్రిజ్ లేకపోతే, వైద్యుని దగ్గరకు రావడానికి బండి దొరకకపోతే ఆ చీటీ ఏం చేస్తుంది? ఆ ఇంటి తలుపు తట్టగలిగేవారు ఎవరు? ఆ పేటలోని సేవాసంస్థ, అక్కడి చర్చి, మస్జిద్, ఆ వీధి భాష తెలిసిన వాలంటీరు.

న్యూయార్క్ రాష్ట్రం 2014లో మెడికెయిడ్ సంస్కరణ మొదలుపెట్టి, నివారించగలిగిన ఆసుపత్రి చేరికలను ఐదేళ్లలో 25 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. నష్టంలోనూ వాటా ఉండే ఒప్పందం చేసుకునే వైద్యసంస్థ, కనీసం ఒక స్థానిక సేవాసంస్థను కలుపుకోవాలని నియమం కూడా చేసింది. నార్త్ కరోలినాలో 2022 మార్చి నుంచి 33 కౌంటీలలో, అంటే మన జిల్లాల వంటి వాటిలో, మెడికెయిడ్ సొమ్ముతోనే రోగుల ఇళ్లకు ఆహారం పంపారు, ఇళ్లు బాగుచేయించారు, ప్రయాణ ఖర్చులు ఇచ్చారు. ఈ పనులు చేసినవి స్థానిక సంస్థలే. ఒక్కొక్క సేవకు ఇంత అని ధర ముందే నిర్ణయించారు. మనిషికి నెలకు సుమారు 85 డాలర్ల ఖర్చు తగ్గినట్లు 2024లో వెలువడిన పరిశీలన తేల్చింది.

ఇదంతా మన పాఠకులకు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. షికాగోలో, డాలస్‌లో మన ఇళ్ల పిల్లలు ఉన్నారు. జుమా నమాజు తర్వాత ఆహారం పంచే చోట, ఉచిత వైద్యశాలల్లో చేయి కలుపుతున్నారు. లాస్ ఏంజెలిస్‌లో ముస్లిం వైద్యవిద్యార్థులు పూనుకుని 1996లో తెరిచిన ఉమ్మా క్లినిక్, పేదల ఉచిత వైద్యశాలగా మొదలై, ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు పొందిన ఆరోగ్యకేంద్రంగా ఎదిగింది. అలా ఎదగాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు. పద్దులు, రికార్డులు, జవాబుదారీ కావాలి.

మన దేశంలోనూ గాలి ఇటువైపు మళ్లుతోంది. ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఉన్న ఆసుపత్రులను ఐదు కొలతలతో చూస్తామని 2023 జనవరిలో జాతీయ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగి సంతృప్తి, మళ్లీ ఆసుపత్రిలో చేరడం, జేబులోంచి పెట్టిన ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, రోగి జీవితంలో కలిగిన మెరుగు అనేవి ఆ ఐదు. ఇవి ఆసుపత్రులకు పెట్టిన కొలతలే. అయినా వీటిలో ఎన్ని ఆసుపత్రి గోడల లోపల తేలేవి, ఎన్ని రోగి ఇంటి గడప దగ్గర తేలేవి? ఈ ప్రశ్న వేసుకుంటే రేపు ఆసుపత్రులకు ఎవరి అవసరం పడుతుందో అర్థమవుతుంది.

ఈమధ్య మేము ఒక కమిటీ పెద్దను అడిగాము: "భాయిసాబ్, పోయిన ఏడాది మీరు ఎంతమంది రోగుల ఇళ్లకు వెళ్లారు? ఒక్కొక్క ఇంటికి ఎంత ఖర్చయింది?" ఆయన నవ్వి, "ఆ హిసాబ్ అల్లాహ్ దగ్గర ఉంది మౌల్వీసాబ్" అన్నారు. నిజమే, ఆయన నియ్యత్‌ను మేము శంకించము. కాని ఒప్పందం మీద సంతకం చేసేది మనుషులతో. లెక్క లేని సంస్థకు ఎదుటివాడే ధర కడతాడు. ఆ ధర తక్కువైతే కొన్నాళ్లకు సంస్థే మూతపడుతుంది. నష్టపోయేది ఎవరు? రోగులే.

కాబట్టి ఆసుపత్రితో చేయి కలపదలచిన సంస్థ ముందుగా తన ఇల్లు చక్కదిద్దుకోవాలి. తాను బాగా చేయగల పని ఒకటి ఎంచుకోవాలి. పెట్రోలు, ఫోను, అద్దెతో పాటు వాలంటీరు వెచ్చించే సమయానికి కూడా విలువ కట్టి, ఒక్క ఇంటికి అయ్యే ఖర్చు తేల్చాలి. ఆసుపత్రి పంపిన మనిషిని కలిశామా, అతని అవసరం తీరిందా, తీరకపోతే ఎందుకు తీరలేదు అన్నది రాసిపెట్టి తిరిగి తెలియజేయాలి. సేవ ముందు చేయాలి, సొమ్ము తర్వాత వస్తుంది. ఆ నడుమ నెలలు గడపడానికి నిల్వ ఉందా అని చూసుకోవాలి. మిగులులో వాటా అంటే సంతోషించవచ్చు, నష్టంలో వాటా అంటే చిన్న సంస్థ దూరంగా ఉండడమే మేలు. నాలుగైదు చిన్న సంస్థలు కలిసి పద్దులకు, ఒప్పందాలకు ఒకే కార్యాలయం పెట్టుకుంటే ఇంకా మంచిది. నార్త్ కరోలినాలో మూడు పెద్ద సంస్థలు నడుమ నిలిచి ఎన్నో చిన్న సంస్థలకు ఈ భారం తగ్గించాయి.

మరో రెండు జాగ్రత్తలున్నాయి. రోగి రహస్యం అమానత్. అమెరికాలో దాన్ని కాపాడడానికి 1996 నుంచి హిపా చట్టం ఉంది. చట్టం లేనిచోట కూడా ఫలానా ఇంట్లో క్షయ ఉందన్న మాట మన నోటి నుంచి వజూఖానా దగ్గర రాకూడదు. ఇక జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు. ఒప్పందం సొమ్మును, జకాత్ సొమ్మును ఒకే పెట్టెలో వేయకూడదు. రెంటికీ వేర్వేరు పద్దులుండాలి.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. ఆసుపత్రి తన జాబితాలో ఉన్న రోగికే చెల్లిస్తుంది. జాబితాలో పేరు లేని మనిషి మన గుమ్మంలో నిలబడితే ఏం చెబుతాం? పైగా ఆ సొమ్ము శాశ్వతమూ కాదు. నార్త్ కరోలినాలో అంత మంచి ఫలితం కనబడినా, శాసనసభ నిధులు ఇవ్వకపోవడంతో 2025 జులై 1 నుంచి ఆ సేవలు ఆగిపోయాయి. దాన్ని నమ్ముకుని మనుషులను పెట్టుకున్న సంస్థలు ఏమి కావాలి? తిండి పెట్టె కోసం ఎదురుచూసే ముసలమ్మ ఏమి కావాలి?

అందుకే మేము చెప్పేది ఒకటే. ఆసుపత్రి సొమ్ము వద్దనవద్దు. న్యాయమైన ధర అడిగి, లెక్క చెప్పి తీసుకోవాలి. కాని సంస్థ దాని మీదే నిలబడకూడదు. ఊరి చందా, ఊరి చెమట మొదటి పునాదిగా ఉండాలి. ఒప్పందం తెగిన మర్నాడు కూడా మన తలుపు తెరిచి ఉండాలి. ఈ జుమా తర్వాత ప్రతి కమిటీ తన రిజిస్టరు తెరిచి, పోయిన ఏడాది ఎన్ని ఇళ్లకు వెళ్లామని లెక్క చూసుకోవాలని మా మనవి. రిజిస్టరే లేకపోతే ఈరోజే ఒకటి కొని మొదటి పేరు రాయండి.