చదివింపుల డబ్బు ఎవరి ఖాతాలో ఉంది?

2008 ఆగస్టులో బ్రిటన్‌లో ర్యాపిట్ అనే పెళ్లికానుకల సంస్థ దివాలా తీసింది. సుమారు 2,000 జంటల కానుకలు చిక్కుల్లో పడ్డాయి. వధూవరులు ఆన్‌లైన్‌లో జాబితా పెడతారు. చుట్టాలు టవళ్లకో డిన్నర్ సెట్‌కో డబ్బు కడతారు. సరుకు కొన్ని వారాలకు ఇంటికొస్తుంది. ప్రమాదమంతా ఆ వారాల్లోనే. డబ్బు సంస్థ సొంత ఖాతాలో కలిసిపోతే, అది మునిగిననాడు కొత్త జంట అప్పులవాళ్ల వరసలో బ్యాంకుల వెనక నిలబడాలి.

మన పందిట్లో కవరు నేరుగా ఇంటివాళ్ల చేతికే వెళ్తుంది, పేరూ మొత్తమూ పుస్తకంలోకెక్కుతాయి. మధ్యవర్తి లేడు.

అక్కడ 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కొంత ఆదుకుంటుంది. 100 పౌండ్లు దాటిన, 30,000కు మించని వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే కార్డు ఇచ్చిన బ్యాంకూ బాధ్యత వహించాలి. కానీ అడిగే హక్కు కార్డు వాడినవారిది, జంటది కాదు. 40 పౌండ్ల కానుకకు ఆ రక్షణే లేదు. దీవించి వెళ్లిన మేనత్తను బ్యాంకు చుట్టూ తిరగమని ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

కానుకల సొమ్మును విడిగా ట్రస్టు ఖాతాలో ఉంచడం చట్టమే తప్పనిసరి చేయాలి. అంతవరకూ జంటలు జాబితా తెరిచే ముందే ఆ ఖాతా సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి, డబ్బు పోగవుతున్నకొద్దీ వస్తువులు తెప్పించుకోవాలి.