పునాది యేడు దండుగయా?

మన తెలుగునాట కంప్యూటరు విద్యను గోరని యువకుడు నేడు అరుదు. పొలము కుదువబెట్టి కుమారుని ఇంజనీరింగు కళాశాలకు బంపు రైతులును, నగలమ్మి కుమార్తె రుసుము చెల్లించు తల్లులును ఊరూరను గలరు. ఇంతటి త్యాగముతో బంపబడిన బాలబాలికలు తొలినాడు తరగతిలో గూర్చుండునప్పటి స్థితి యెట్టిదో ఎవరైన విచారించుచున్నారా? వారిలో ననేకులు పదవతరగతివరకు గణితమును దెలుగున నేర్చినవారు. తరువాతి రెండేండ్లును ప్రవేశపరీక్షయందు నాలుగు జవాబులలో సరియైనదానిని త్వరగా గుర్తించు నేర్పు సంపాదించుటతోనే గడచిపోయినవి. అట్టివారి యెదుట నిలిచి ఉపాధ్యాయుడు ఆంగ్లమున తర్కమును, సమితులను, ప్రోగ్రాము రచనను ధారాపాతముగా జెప్పిపోవును. అర్థముగానిదానిని బాలుడు బట్టీపట్టును. నాలుగేండ్లకు పట్టా చేతికి వచ్చును. పది పంక్తుల ప్రోగ్రామును స్వయముగా వ్రాయుమన్నచో చేయి ఆడదు. అప్పుడు లోకము వానిని మందమతి యని నిందించును. వాని బుద్ధియందు లోపము లేదు. పునాది తీయకయే గోడ లెత్తినవారిదే ఆ లోపమని మేము నిస్సంకోచముగా జెప్పుచున్నాము.

దీనికి మందు లేకపోలేదు. పట్టవిద్యకు ముందు ఒక యేడు పునాది తరగతి నడపుటయే ఆ మందు. గణితము, తర్కము, ప్రోగ్రాము వ్రాయు పద్ధతి, శాస్త్రగ్రంథములను జదువుటకు వలసిన ఆంగ్లము, ఈ నాలుగింటిని తొందరపాటు లేక నేర్పి పిమ్మట మొదటి సంవత్సరమున జేర్చుకొనుట మంచిదని మా యభిప్రాయము. ఇది మేము నూతనముగా గల్పించినది గాదు. దేశమునకు దలమానికములని పేరొందిన ఐ.ఐ.టి.లే షెడ్యూల్డు కులములకు, తెగలకు, అంగవైకల్యము గలవారికి ప్రత్యేకించిన స్థానములు నిండనప్పుడు ఒక యేడు సన్నాహక తరగతి నడపి, అందు నెగ్గినవారిని మరల ప్రవేశపరీక్ష లేకయే మొదటి సంవత్సరమునకు దీసికొనుచున్నవి. అంతటి సంస్థలకు లేని నామోషి మన కళాశాలల కేల?

మన యింటిలోనే మరియొక యుదాహరణము గలదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలయందు నెలకొల్పబడిన రాజీవుగాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవతరగతి ముగిసిన గ్రామీణ బాలబాలికలను జేర్చుకొని, రెండేండ్లు పూర్వవిద్యయు, నాలుగేండ్లు ఇంజనీరింగును ఒకేచోట నేర్పుటకు బుట్టినది. ప్రవేశపరీక్ష లేదు, పదవతరగతి మార్కులే ఆధారము. ప్రభుత్వ పాఠశాలలలో జదివినవారికి పదికిగాను 0.4 అంకము అదనముగా గలుపబడెను. ఆ సంస్థకు తొలి కులపతి శ్రీ రాజ్ రెడ్డిగారు. ఆయన నాటి చిత్తూరుజిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో జదివి, 1994లో కంప్యూటరు శాస్త్రమునకు అత్యున్నతమని యెన్నబడు ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్ గారితో గలసి యందుకొన్నవారు. పల్లెబిడ్డకు తగిన పునాది దొరకినచో ఎంత యెత్తున కెదుగగలడో చెప్పుటకు వేరు సాక్ష్యము వలయునా?

అయినను ఆ సంస్థపట్ల ప్రభుత్వములు జూపిన శ్రద్ధ యెంత? 2022 జూనులో బాసర విద్యార్థులు పూర్తికాల ఉపకులపతిని, చాలినంతమంది ఉపాధ్యాయులను, కనీసవసతులను గోరుచు దినములతరబడి ఆరుబయట గూర్చుండవలసివచ్చెను. పునాది విద్యకు ప్రాణము ఉపాధ్యాయుడు. తాత్కాలికపు టుపాధ్యాయులతో, ఖాళీ కుర్చీలతో దానిని నడపుట వేరు గోసి నీరు పోయుటయే.

ఇక ఆక్షేపకుల మాట. మొదటివా రందురు: "ఒక యేడు దండుగ గదా!" తొలియేడు తప్పిన పరీక్షలను మూడవయేట, నాలుగవయేట మరల మరల వ్రాయుచు, పట్టా పొందిన పిమ్మట పట్టణములలో శిక్షణాలయములకు వేలకువేలు చెల్లించి అవే విషయములను మొదటినుండి నేర్చుకొను యువకులను వీ రెరుగరా? ఆ యేండ్లు దండుగ గావు గాని ముందుగా దిన్నగా నేర్చిన ఒక్క యేడు దండుగ యగునా? నారుమడికి బెట్టిన దినములను ఏ రైతును వ్యర్థమని లెక్కింపడు.

రెండవవా రందురు: "ఇది ప్రతిభను దిగజార్చును." పట్టణమున ఆంగ్లపాఠశాలలో జదివి, ఇంటనే కంప్యూటరు గలిగి, పదునాలుగవయేటనే ప్రోగ్రాములు వ్రాసిన బాలుడును, కళాశాలలో నడుగిడువరకు ఆ యంత్రమును దాకియెరుగని బాలుడును ఒకే గీటువద్ద నిలిచి పరుగెత్తుచున్నారని చెప్పుట ఆత్మవంచన. పునాది తరగతి పట్టపరీక్షలో నొక్క మార్కునైన దానము చేయదు. ఆ పరీక్ష అందరికి నొక్కటే. దానిని వ్రాయువారిని సమానముగ సిద్ధముచేయుట యొక్కటే దాని పని.

మూడవవారి వాదము అన్నిటికంటె నపాయకరము. "కంప్యూటరు శాస్త్రము తెలుగున జెప్పుటకు వీలుకాదు" అని వారి తీర్పు. సీ యను ప్రోగ్రాము భాషకు 1989లో నేర్పడిన ప్రమాణములో ప్రత్యేకపదములు 32 మాత్రమే. ముప్పదిరెండు మాటలు నేర్చుట కే తెలుగు బాలుడు వెనుదీయును? అడ్డుగోడ యంత్రముయొక్క భాషలో లేదు. దానిని బోధించు భాషలో నున్నది. నిఘంటువులో మాట వెదకు బాలుడు నడిమిపుట దెరచి, తనకు వలసినది ముందున్నదో వెనుకనున్నదో చూచి, సగము విడిచిపెట్టును. ఇట్లు సగము సగము విడుచుచు బోయినచో వేయి మాటలలో నొకదానిని పది చూపులలో బట్టవచ్చును. పదిలక్షల కైనను ఇరువది చూపులు చాలును. కంప్యూటరు శాస్త్రమున మొదట నేర్పు గొప్ప విషయములలో నిది యొకటి. దీనిని దెలుగున జెప్పుటకు మే మిప్పుడు కష్టపడితిమా? గురులఘువులను మూడు మూడుగా బేర్చినచో ఎనిమిది గణము లేర్పడునని పద్యము చదివిన ప్రతి బాలుడు నెరుగును. రెండు గుర్తులతో లెక్క నడపు యంత్రమునకు ఇంతకంటె సులభమైన ప్రవేశద్వార మేది? మన పూర్వులు కంప్యూటరు గనిపెట్టిరని మేము డంబములు పలుకము. మన బిడ్డలకు దెలిసినదానినుండి తెలియనిదానికి దారి వేయుమని మాత్రమే కోరుచున్నాము.

దేశభాషలో శాస్త్రబోధ నడువదని చెప్పువారు హైదరాబాదు చరిత్రను మరచిరి. 1917లో అనువాదశాఖను స్థాపించి, 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున వైద్యమును, ఇంజనీరింగును ఉర్దూలో జెప్పిరి. అది నాటి ప్రజలలో నధికసంఖ్యాకుల మాతృభాష గాదు. అది వేరొక యన్యాయము. కాని పూనిక గలిగినచో గ్రంథములు పుట్టునని, పదములు పుట్టునని అది నిరూపించినది. 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి తెలుగు మొదలగు దేశభాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి నిచ్చినది. అనుమతి వచ్చినది, ఆ తలుపు దాటుటకు మెట్లు కట్టువారే కానరారు.

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. మంచి వస్తువును వర్తకుని చేతిలో బెట్టినచో నేమగునో ఇంగ్లండును జూచి నేర్చుకొనవలెను. అచ్చట పునాది సంవత్సరమున జేరువారు 2011-12లో ఎనిమిదివేల చిల్లర. 2021-22 నాటికి అరువది తొమ్మిదివేలకు మించిరి. పట్టవిద్యలోని యేటికి వలెనే దీనికిని 9,250 పౌనులవరకు విశ్వవిద్యాలయములు వసూలుచేసినవి. అంతకు దక్కువ వ్యయముతో స్థానిక కళాశాలలలో ఇట్టి విద్య లభించుచుండగా ఈ యప్పు విద్యార్థుల నెత్తిన నేల యని 2019లో ఆగరుగారి సంఘము ప్రశ్నించినది. తుదకు తరగతిగదిలోనే చెప్పదగిన విషయములకు 2025-26 నుండి 5,760 పౌనుల హద్దు విధింపబడెను. మనదేశమున నిదే పద్ధతి బ్రవేశించినచో, "పునాది" యను పేర మరియొక రుసుము, మరియొక వసతిగృహము, మరియొక యప్పుపత్రము రైతు నెత్తిన బడును. దానిని మేము సహింపము.

కావున ఉభయ తెలుగు ప్రభుత్వములను మేము కోరున దిది. తెలుగున జదివి వచ్చినవారికి, గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలనుండి వచ్చినవారికి, కోరినచో ఒక పునాది యేడు ప్రతి ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలయందును ఏర్పడవలెను. దాని రుసుమును, వసతివ్యయమును ప్రభుత్వమే భరింపవలెను. బోధన తెలుగున బ్రారంభమై, మాసమాసమునకు ఆంగ్లమును జేర్చుకొనుచు, సంవత్సరాంతమునకు ఆంగ్లగ్రంథమును నిర్భయముగ జదువగల శక్తి నీయవలెను. నెగ్గినవారికి వేరొక ప్రవేశపరీక్ష లేక అదే కళాశాలయందు స్థానము దొరకవలెను. శాశ్వతోపాధ్యాయులు లేని తరగతిని తెరువరాదు.

ఈ పత్రికను గ్రంథాలయములలో జదువు పెద్దలకు మా విన్నపము. ఎన్నికల దినములలో మీ గుమ్మములకు వచ్చు నాయకులను రోడ్లగూర్చియు, పింఛనులగూర్చియు నడుగుచున్నారు, మంచిదే. ఇకపై నీ యొక్క ప్రశ్నను గూడ నడుగుడు: "మా యూరి బడిలో దెలుగున జదివిన పిల్లవాడు కంప్యూటరు విద్యలో నిలద్రొక్కుకొనుటకు మీరు వేసిన పునాది యేది?" సమాధానము చెప్పలేనివానికి మీ గుమ్మము దాటి లోనికి వచ్చు నర్హత లేదు.