పేరు పెట్టే ముందు పరీక్షించాలి



2021 మే మొదట్లో, రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట టీవీల్లోనూ వాట్సాప్‌లోనూ మారుమోగింది. కర్నూలులో బయటపడిన ఎన్440కె రకం 15 రెట్లు ప్రమాదకరమని ప్రచారం జరిగింది. మే 6న ఢిల్లీ ప్రభుత్వం తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించింది. ఒక రాష్ట్రం పేరే రోగం పేరైపోయింది.

మరి నిజం ఏమిటి? జీనోమ్ సీక్వెన్సింగ్ అంటే వైరస్ జన్యువులను అక్షరం అక్షరంగా చదవడం. కరోనా వైరస్‌లో సుమారు 30 వేల అక్షరాలుంటాయి. రోగి నమూనాలో దొరికిన అక్షరాలను, 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించిన మొదటి ప్రతితో పోల్చి, మార్పులు గుర్తిస్తారు. ఎన్440కె అలాంటి ఒక మార్పే. అది అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, బి.1.617 రకం దాని స్థానాన్ని ఆక్రమిస్తోందనీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నమూనాలు చదివి చెప్పారు. నింద ఒకదానిమీద పడింది, ప్రమాదం మరొకదానినుంచి వచ్చింది.

ఊళ్లకూ దేశాలకూ ఇలాంటి మచ్చ రాకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే నెల 31న గ్రీకు అక్షరాల పేర్లు ప్రకటించింది. బి.1.617.2 ‘డెల్టా’ అయింది. మన కృష్ణా డెల్టాకు దానితో ఏ సంబంధమూ లేదు.

లేవీయకాండము 13వ అధ్యాయం చూడండి. చర్మంమీద మచ్చ కనబడగానే యాజకుడు అపవిత్రుడని ప్రకటించడు. స్పష్టత లేకపోతే ఏడు దినాలు ఆగి మళ్లీ చూస్తాడు. అది వట్టి పొక్కు అయితే పవిత్రుడని చెప్పే బాధ్యత కూడా అతనిదే. మనం మొదటి మాటను వేగంగా పంచుతాం, రెండో మాటను మరచిపోతాం. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ ఫార్వర్డ్ చేసే వేలికి కూడా వర్తిస్తుంది.

అప్పట్లో మన నమూనాలు హైదరాబాద్ వెళ్లేవి. 2022 ఆరంభంలో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనే సీక్వెన్సింగ్ ల్యాబ్ ఏర్పాటైంది. నిజం చదివే సాధనం మన ఊళ్లోనే ఉన్నప్పుడు వదంతిని నమ్మడానికి సాకు లేదు.

కాబట్టి కొత్త వేరియంట్ పేరు వినబడినప్పుడు, పరీక్షించని సందేశాన్ని సంఘంలో చదవవద్దు. దగ్గుతో ఊరికి వచ్చిన సహోదరుణ్ణి వెలివేయకుండా పరీక్షకు తీసుకెళ్లండి. కోలుకున్నవారిని పేరు పెట్టి పిలిచి, ఆరాధనలో మన పక్కనే కూర్చోబెట్టుకుందాం.