ఈ పాఠానికి కూడా బహుమానమివ్వాలి



క్రిస్మస్ ట్రీ నాడు వాక్యాలు కంఠతా చెప్పిన పిల్లలకు బహుమానాలిస్తాము. ఈసారి ఇంకొక పాఠము నేర్చినవారిని కూడా మెచ్చుకుందాము. ఎవరైనా తాకరాని చోట తాకితే “వద్దు” అని గట్టిగా అరవడము, అక్కడినుండి పారిపోయి రావడము, నమ్మిన పెద్దలకు చెప్పడము, 1098 చైల్డ్‌లైన్ నంబరు జ్ఞాపకముంచుకోవడము ఆ పాఠము. ఆ ఫోనుకు డబ్బు అక్కరలేదు, రాత్రింబగళ్లు పలుకుతుంది.

ఒక జాగ్రత్త. నేర్చుకున్న పిల్లలందరికీ ఒకేలాగు ఇవ్వాలి. తనకు జరిగినది చెప్పుకున్న బిడ్డను ప్రత్యేకించి ముందుకు పిలువరాదు. ఆ బిడ్డ పేరు బయటికి పొక్కరాదు.

పిల్లలు నేర్చుకున్నాక పరీక్ష మనకే. “మన చుట్టమే గదా, పరువు పోతుంది, ఊరుకో” అని మనమే ఎన్ని ఇండ్లలో బిడ్డల నోరు మూయించలేదు? 18 ఏండ్లలోపు బిడ్డపై లైంగిక అఘాయిత్యము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము చెబుతున్నది. తెలిసీ తెలుపకపోవడము నేరము.

కనుక ఆ దినాన చప్పట్లు కొట్టి కూర్చోవద్దు. పెద్దలమంతా లేచి నిలిచి, “మీరు చెబితే నమ్ముతాము, తప్పు మీది కాదు” అని పిల్లలకు మాట ఇద్దాము.