జంట డిస్కులకు ముందు విడి నకలు

మన సహకార సంఘముల లెక్కలు చిట్టా, ఆవర్జా పుస్తకములనుండి కంప్యూటరులోనికి మారుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ నెలలో ఆమోదించినది. ఆ పథకమున ప్రధానమైన లెక్కలు సంఘపు గదికి వెలుపల భద్రపరుపబడినను, పాత సంవత్సరముల పద్దులు, పత్రముల ప్రతిబింబములు, గోదాము జాబితాలు మున్నగునవి సంఘము యొక్క సొంత కంప్యూటరులోనే నిలిచియుండవచ్చును. వానిని కాపాడు విధమును గూర్చి పాలకవర్గములవారు, సభ్యులు ఒకింత యాలోచింపవలసియున్నది.

ఒక డిస్కుపై వ్రాసిన ప్రతి యక్షరమును రెండవ డిస్కుపై గూడ వ్రాయించు పద్ధతిని మిర్రరింగు అందురు. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు 1988లో ప్రకటించిన వ్యాసమున వివరించిన రెయిడ్ పద్ధతులలో మొదటి తరగతి యిదియే. దీనికి ప్రత్యేక యంత్రము అక్కరలేదు. లినక్స్, విండోస్‌లందలి సాఫ్టువేరే యీ పనిని చేయగలదు. ఒక డిస్కు చెడినను రెండవదానితో పని సాగును. ఖర్చు స్వల్పము, లాభము నిజము. ఈ పద్ధతి వలదని మేము చెప్పుట లేదు. కాని భద్రతకై జంట కూర్చు ఆ దినమే పద్దులకు మిక్కిలి ప్రమాదకరమైన దినమని మా యభిప్రాయము.

కారణము సులభగ్రాహ్యము. జంట కూర్చునప్పుడు ఒక డిస్కు మూలము, రెండవది నకలు. మూలమందున్నది నకలుపై వ్రాయబడును. నకలుపై నంతకుముందున్నది నశించును. ఏది మూలమో నిర్ణయించువాడు మనుష్యుడు. అతడు తారుమారు చేసినచో క్రొత్త డిస్కునందలి శూన్యమే పాత డిస్కుపై పూర్తిగా నెక్కింపబడును. యంత్రము తనకు చెప్పిన పనిని లోపము లేకుండ చేసినదగును గాని, సంఘమునకు పద్దులు మిగులవు.

లినక్సులో డిస్కులకు కంప్యూటరు పెట్టు పేర్లు మరల ప్రారంభించినప్పుడు మారవచ్చును. కావున పేరును నమ్మక, డిస్కుపై అచ్చువేసిన సీరియలు సంఖ్యను తెరపై గనబడు సంఖ్యతో సరిచూడవలెను. విండోసునందలి పాత పద్ధతిలో డిస్కును డైనమిక్ రకమునకు మార్చవలసియుండును. దానిని విండోసు సాధనములతో మరల బేసిక్ రకమునకు త్రిప్పవలెనన్న అందలి భాగములన్నిటిని తొలగింపవలసినదే. స్టోరేజి స్పేసెస్ అను తరువాతి పద్ధతిలో, చేర్చిన ప్రతి డిస్కుపై నున్నదంతయు తుడిచివేయబడును. తెరపై హెచ్చరిక వచ్చును. దానిని చదువక సమ్మతి నొక్కుటయే ముప్పు.

క్షేమమైన మార్గము లేకపోలేదు. ముందుగా సమాచారమునంతయు మూడవ డిస్కునకు నకలు తీయవలెను. దానిని వేరొక కంప్యూటరునకు తగిలించి, వేర్వేరు సంవత్సరముల పద్దులు కొన్ని తెరచి చదివిచూడవలెను. చదివిచూడని నకలు నకలు కాదు. పిమ్మట లినక్సులో రెండవ స్థానమును ఖాళీగా నుంచి, క్రొత్త డిస్కుతో మాత్రమే జంట నారంభింపవచ్చును. పాత డిస్కునుండి పద్దులను దానిలోనికి తెచ్చి, సరిచూచి, కంప్యూటరు దానితోనే ప్రారంభమగునని రూఢిపరచుకొన్న పిమ్మటనే పాతదానిని చేర్చవలెను. రెండు డిస్కులు సమానమగువరకు రక్షణ కలిగినదని తలపరాదు. కరెంటు నిలుకడలేని వేళ నీ పని తలపెట్టరాదు.

జంట పూర్తియైన తరువాతనైనను విడి నకలు మానరాదు. గుమాస్తా పొరపాటున నొక ఖాతాను తుడిచినచో ఆ తుడుపును రెండు డిస్కులపై జరుగును. వైరసు చెరచినను రెండును చెడును. పిడుగు, వరద, దొంగతనములకు రెండును ఒకే పెట్టెలో దొరకును. ఒకటి చెడినను కంప్యూటరు యథాప్రకారము నడచుచుండును గాన, పరిశీలించువారు లేనిచో రెండవది చెడిననాడే సంగతి తెలియును. విత్తనపు ధాన్యమును రెండు బస్తాలలో బోసి ఒకే గాదెలో నుంచు రైతు, బస్తాలను రెట్టించెనే గాని నిప్పు భయమును పోగొట్టుకొనలేదు.

మూడవ డిస్కునకు సొమ్మేల, ఒక దినము పని యాపనేల అని కొందరు అడుగవచ్చును. బాకీ తీర్చిన సభ్యుని పద్దు నశించినచో, ఇంటనున్న రసీదే అతనికి దిక్కు. ఆ రసీదు చెదల పాలైనచో, తీర్చిన అప్పు మరల తలయెత్తును. ఆ వివాదమునకగు వ్యయము డిస్కు వెలకు మించును. సంఘముపై పోయిన విశ్వాసమునకు వెలయే లేదు.

కావున విడిగా తీసి, చదివిచూచిన నకలు లేనిదే డిస్కులపై చేయి వేయరాదని ప్రతి పాలకవర్గమును తీర్మానింపవలెను. ఆ నకలును కార్యాలయమునకు వెలుపల నుంచవలెను. నకలును చివర నెప్పుడు చదివిచూచిరని సర్వసభ్య సమావేశమున సభ్యులు ప్రశ్నింపవలెను. నిలువ సొమ్మును లెక్క చూచినట్లే నకలును గూడ లెక్క చూచుట మన సంఘములకు అలవాటు కావలెను.